ఏడో పోగు

తప్పు చేసింది లింబాద్రి వేళ్ళు. ఆ సంగతి లింబాద్రికి తెలిసేసరికి పని అయిపోయింది.

బుధవారం సాయంత్రం నాలుగు గంటల వేళ. సౌదీలోని దమ్మామ్‌లో సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన మ్యూజియం అది. ఇంకా జనానికి తలుపులు తెరవలేదు. పెద్ద హాల్లో ఓ మూల తెల్లటి బల్ల మీద ఒక బట్ట పరచి ఉంది. మూడు వందల డెబ్భై ఏళ్ళ నాటి బట్ట. నిజానికి లింబాద్రికి దానితో పనే లేదు. అతని పని పెట్టెలతో. దేశదేశాల నుంచి వచ్చిన చెక్కపెట్టెలను లోపలి వస్తువుకు కుదుపు తగలకుండా విప్పాలి. మరలను సంచుల్లో వేసి అంకెలు రాయాలి. మూతలను వరుస తప్పకుండా గోడకు చేర్చాలి. ప్రదర్శన ముగిసి సామాను వెనక్కి వెళ్ళే రోజున మళ్ళీ అదే వరుసలో బిగించాలి. ఈ పనిలో అతనికి సాటి లేడని కంపెనీలో అందరూ ఒప్పుకుంటారు గానీ, అతని ఇకామా, అంటే సౌదీలో ఉండనిచ్చే గుర్తింపు కార్డు, ఒప్పుకోదు. అందులో వృత్తి అన్నచోట 'ఆమిల్' అని ఉంటుంది. అంటే కూలీ. ఇరవై రెండేళ్ళుగా అదే మాట.

బట్ట దగ్గర కాపలా ఉండాల్సింది నాగేందర్. మోర్తాడ్ వైపు మనిషి, క్యాంపులో లింబాద్రి పక్క మంచమే.

"అన్నా, అయిదు నిమిషాలే. చాయ్ తాగొస్త. నువ్వు గీడనే ఉంటవు గద," అని వెళ్ళాడు. కాపలావాడు బట్టను వదిలి కదలకూడదని నియమం. నియమాలకేం, చాయ్ వేళ అవి కూడా కాస్త కునుకు తీస్తాయి.

లింబాద్రి పెట్టె మూతకున్న ఆఖరి మర విప్పి, లేచి నడుం సాగదీస్తూ బల్ల వంక చూశాడు. ఆ హాల్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ బట్ట మీది రంగులు చూసి ఆగిపోతారు. దానిమ్మ గింజల ఎరుపు, దాని మధ్య నీలం పువ్వులు, తలపాగా పెట్టుకుని గుర్రం మీద పోయే మనుషులు, వాళ్ళ వెంట కుక్కలు. చేత్తో గీసి, వేళ్ళతో అద్ది, ఎండలో ఆరేసి, మళ్ళీ గీసిన పని. లింబాద్రి అవేమీ చూడలేదు. మగ్గం ఎక్కినవాడు ముందు బట్ట చివర చూస్తాడు.

చివర రంగు లేదు. రెండు జానల మేర ఉత్త నూలు, దాని తర్వాత నేయకుండా వదిలిన పోగులు, గుప్పెడేసి కలిపి ముడివేసిన కుచ్చులు. ఆ పోగుల్లో ప్రతి ఒక్కదాని మీదా, ఒకే వరుసలో, బియ్యపుగింజంత లావు. అడ్డంగా గీత గీసినట్టు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంది ఆ వరుస.

లింబాద్రి బల్ల దగ్గరికి ఒక అడుగు వేశాడు. అవి పడుగు అతుకులు.

మగ్గం మీద ఒక పడుగు అయిపోయాక కొత్త పడుగు ఎక్కించేటప్పుడు, రెండువేల పోగులనూ ఒక్కొక్కటిగా దువ్వెనలాంటి పన్నె పళ్ళలోంచి మళ్ళీ దూర్చుకుంటూ ఎవరు కూర్చుంటారు? పాత పడుగు కొసలను మగ్గం మీదే ఉంచి, కొత్త పోగును పాత పోగుకు అతుకుతారు. ముడి పనికిరాదు, ముడి పన్నెలో తట్టుకుంటుంది. రెండు కొసలూ ఆనించి, వేలితో ఇంత బూడిద అద్ది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నులిమి, మడిచి, మళ్ళీ నులమాలి. ఒక్కోదానికి రెప్పపాటు కాలం. అట్లాంటివి రెండువేలు. కొత్త పడుగు మీద నేసిన మొదటి బట్ట చివర ఆ అతుకులు ఉండిపోతాయి. సంతకు పోయేలోగా కోసేస్తారు. ఈ బట్టకు ఎందుకో కోయలేదు.

అతను వంగి చూశాడు. కుడి సగంలో అతుకుల మెలి ఒక దిక్కు, ఎడమ సగంలో ఇంకో దిక్కు. ఇదేం విడ్డూరమనుకున్నాడు. అంతలో కుడి సగంలో ఒక పోగు కనిపించింది. అతుకు ఊడిపోయి రెండు కొసలూ విడివిడిగా వేలాడుతున్నాయి.

మరలు విప్పడానికి చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుని ఉన్నాడు. బొటనవేలు నాలుక మీదికి పోయింది. రెండు కొసలూ కలిశాయి, నులిగాయి, మడత పడ్డాయి, మళ్ళీ నులిగాయి. చెయ్యి వెనక్కి వచ్చేసింది. ముప్ఫై ఏళ్ళ కిందట సొంతూరు మెట్‌పల్లిలో గుంత మగ్గం ముందు కూర్చుని ఏ పోగు తెగినా చేసినట్టే చేసింది ఆ చెయ్యి, అతన్ని ఒక్క మాట అడగకుండా.

అప్పుడు చూసుకున్నాడు. ముట్టుకుంటేనే ఉద్యోగం పోయే వస్తువు, దానికి ఎంగిలి అద్ది అతుకు వేశాడు!

విప్పేద్దామని చెయ్యి చాచేసరికి నాగేందర్ అడుగుల చప్పుడు వినిపించింది. లింబాద్రి స్క్రూడ్రైవర్ అందుకుని పెట్టె వైపు తిరిగాడు.

మర్నాడు పొద్దున్నే నౌఫ్ పసిగట్టింది. నౌఫ్ అంటే మ్యూజియంలో పాత బట్టల బాగోగులు చూసే సౌదీ అమ్మాయి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నల్లటి అబాయా చేతులను మోచేతుల దాకా మడిచి పిన్నులు పెట్టుకుంటుంది. బల్ల దగ్గరికి వచ్చేటప్పుడు గడియారం, ఉంగరం అన్నీ తీసి డబ్బాలో వేస్తుంది. బట్టను చూసే ఆమె చూపంటే లింబాద్రికి మొదటినుంచీ గౌరవం. పసిపిల్లకు జ్వరం ఉందేమోనని చూసినట్టు చూస్తుంది. ఆమె చేతిలో బట్టను అరువిచ్చినవాళ్ళు పంపిన ఫొటో ఉంది. అందులో ఊడిన పోగుల మీద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేసి ఉన్నాయి. ఆమె బల్ల మీద లెక్క చూసింది. ఆరే ఉన్నాయి. అద్దం పెట్టి మళ్ళీ చూసింది. ఆరే. ఏడోది ఎవరో అతికారని అర్థమైంది గానీ, బారెడు వరుసలో అది ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. ఫొటోలో ఏడో అంకె ఉన్నచోట పదీ పదిహేను పోగులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటిలో ప్రతి అతుకూ ఒక్కలాగే ఉంది.

పది నిమిషాల్లో కాంట్రాక్టు కంపెనీ సైట్ మేనేజర్ ఇష్తియాక్ అందరినీ వరుసలో నిలబెట్టాడు.

"కౌన్ హాత్ లగాయా? ఎవరు ముట్టుకున్నారు?"

ఇష్తియాక్ చెడ్డవాడేం కాదు. పై నుంచి భయం వచ్చినప్పుడు దాన్ని కిందికి పంపడం అతని ఉద్యోగం. రిజిస్టరు తెప్పించాడు. బుధవారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా బట్ట దగ్గర ఒకే ఒక్క సంతకం, నాగేందర్‌ది.

"నేను ముట్టలే సార్," అన్నాడు నాగేందర్ హిందీలో.

"బయటికి పోయావా?"

నాగేందర్ ఒక్కసారి లింబాద్రి వైపు చూసి, నేల చూపులు చూశాడు. "పోలే సార్."

చాయ్‌కి పోయానంటే పక్కన ఎవరున్నారని అడుగుతారు. ఆ మాట రాకుండా నాగేందర్ తలుపు మూసేశాడు, తాను లోపలే ఉండిపోయి.

విచారణ తేలేదాకా నాగేందర్ చుట్టీ, అంటే ఇంటికి పోయే సెలవు, ఆపేస్తున్నానన్నాడు ఇష్తియాక్. మూడేళ్ళ తర్వాత వచ్చిన చుట్టీ. సోమవారం విమానం. కూతురు కావ్య పదో తరగతి పరీక్షలకు ముందు నాన్న ఇంట్లో ఉండాలని పట్టుబట్టి కూర్చుంది. దేశం దాటి మళ్ళీ రావడానికిచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం కూడా వచ్చేసింది. ఇష్తియాక్ దాన్ని సొరుగులో వేసి తాళం వేశాడు.

లింబాద్రి అప్పుడు నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అతను వీరుడని ఎవరూ అనుకోకూడదని. ఫైనల్ ఎగ్జిట్ కొట్టి మళ్ళీ రాకుండా ఇంటికి పంపేస్తారు, లేదా పోలీసు కేసు పెడతారు. ఈ రెండు ఆలోచనల మధ్య నిలబడి, పక్కవాడి తల కిందికి వాలడం చూస్తూ ఊరుకున్నాడు.

భోజనాల వేళ స్టోర్ కీపర్ ఖాదర్ మొహిద్దీన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. కడప మనిషి. అరబ్బీ, ఇంగ్లీషు చదవడం వచ్చు. గోడలకు అతికించే ప్రతి పలకనూ తనే ముందు చదివి, దొరికినవాడికల్లా చెబితే గానీ తోచదు.

"ఏమన్నా, మొగం అట్ల పెట్టుకోనుండావు? రా, నీకో తమాషా చూపిస్తా."

ఆ హాలు మొత్తం ఒకే కాలం గురించి. సుమారు పదహారు వందల యాభై. ప్రపంచంలో ఎక్కడెక్కడి వస్తువులూ ఓడలెక్కి ఒకదాన్నొకటి పలకరించుకున్న కాలం. ఖాదర్ ఒక్కో అద్దాల పెట్టె ముందూ ఆగి చెప్పుకుపోయాడు. చీనా నుంచి వచ్చి సముద్రంలో మునిగి, మొన్నమొన్న బయటపడ్డ గిన్నెలు. అమెరికా కొండల్లో తవ్విన వెండితో కొట్టిన నాణేలు. మోఖా రేవు నుంచి కాఫీ గింజలు మోసిన తోలుసంచి. డచ్చివాళ్ళు గీసిన పటం, అందులో మన తీరం కాస్త వంకరగా ఉంది.

"ఈ కత్తి చూడు. షామ్ దేశం, అంటే సిరియా దిక్కు కత్తి. దీనికి ఉక్కు యాడి నుంచి వచ్చిందో చెప్పుకో చూద్దాం. కోనసముద్రం! అది మీ దిక్కే కదన్నా?"

"కోనసముందరా?" లింబాద్రి నోరు తెరిచాడు. "నాగేందర్‌ వాల్ల ఊరు దాటితే గదే గద!"

ఆ ఊరికి పారశీక వర్తకులు గుర్రాల మీద వచ్చి, కొలిమి ముందు నెలల తరబడి కూర్చుని, ముద్దలు తూచుకుని పోయేవాళ్ళట. బొంబాయి దాకా బస్సెక్కి, విమానమెక్కి, తామే మొదట ఎడారికి వచ్చామని లింబాద్రి అనుకునేవాడు. తన కంటే ముందు తమ చేతిపని వచ్చింది. దర్జాగా వచ్చింది, పిలిపించుకుని వచ్చింది. ఆ ఆలోచనకు అతనికి వెన్ను నిటారైంది.

బట్ట దగ్గర పలక ఇంకా గోడకెక్కలేదు. బల్ల మీద అచ్చు కాగితం ఉంది. ఖాదర్ చదివాడు. "గోల్కొండ రాజ్యం, సుమారు పదారు వందల యాభై. మచిలీపట్నం రేవులో ఓడెక్కి బందర్ అబ్బాస్‌లో దిగింది. పారసీ వర్తకుని ముద్ర ఒకటి, డచ్చి ముద్ర ఒకటి ఉండాయి. తయారు చేసినవారు... తెలియదు. కుచ్చులు తర్వాతి కాలంలో రెండు తూర్లు రిపేరు చేయబడినాయి. బూడిద రంగు మురికి..." కాగితం తిప్పాడు. "ఇది లోపలి కాగితమన్నా. ఆదివారం మురికి క్లీన్ చెయ్యల్ల అని రాసుకున్యారు."

"మురికా?"

"ఆ. అతుకుల కాడ మురికంట."

లింబాద్రికి ఒళ్ళు మండింది. అది మురికి కాదు, బూడిద. పోగు జారకుండా వేలితో అద్దిన బూడిద. అది రిపేరూ కాదు. ఓడ ఎక్కకముందు, రంగు పడకముందు, అసలు ఆ బట్ట బట్ట కాకముందు చేసిన మొదటి పని. కొన్నవాడి ముద్ర ఉంది, మోసినవాడి ముద్ర ఉంది. చేసినవాళ్ళ చేతి గుర్తుగా మిగిలింది ఆ బూడిద ఒక్కటే. దాన్ని ఆదివారం తుడిచేస్తారు.

చెప్పాలంటే తన తప్పు చెప్పాలి. భోజనాల దగ్గరికి తిరిగి వెళ్ళి కూర్చున్నా, కుబ్బూస్ రొట్టె ముక్కను కూర గిన్నెలో అట్లాగే వదిలేసి లేచాడు.

శుక్రవారం సెలవు. క్యాంపులో నాగేందర్ సూట్‌కేసు విప్పి కూర్చున్నాడు. సర్దడానికి కాదు. కరిగిపోయే చాక్లెట్లు తీసి ఫ్రిజ్‌లో పెట్టడానికి. అత్తరు సీసాలు, దుప్పటి, కావ్య అడిగిన జామెట్రీ బాక్సు అట్లాగే ఉంచి మూత వేశాడు.

"నాగేందర్..."

"నువ్వేం మాట్లాడకన్నా." గొంతు మామూలుగానే ఉంది. "నాకెర్కే. మీ మగ్గపోల్ల చేతులు ఊకుంటయా? పోయిన యేడు నా లుంగి చిరిగితే నేనడగకముందే కుట్టినవ్. ఇద్దరం మునుగుడెందుకు? నాదేంది, చుట్టి ఒక్కటే పోతది. నిన్నైతే పంపిచ్చేస్తరు."

చాక్లెట్లు పెట్టి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూస్తూ గదిలో కూర్చోవడం లింబాద్రి వల్ల కాలేదు. బయట నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి ఇంటికి వీడియో కాల్ చేశాడు.

మెట్‌పల్లిలో భార్య స్వర్ణ వాకిట్లో చేట ముందు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఫోన్‌ను నీళ్ళచెంబుకు ఆనించింది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె చేతులు ఆగవు. ఆకు తీసి, తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కట్టి, చేటలో పడేస్తుంది.

"తిన్నవా? మొఖమేంది గట్లున్నది?"

చెప్పాడు. బట్ట దగ్గర మొదలుపెట్టి నాగేందర్ సూట్‌కేసు దాకా మొత్తం చెప్పాడు. ఆమె చేతులు ఆగాయి.

"మూడు నూర్లేండ్ల అతుకులా? నిజంగా?"

"నిజంగనే. బూడిద సుత అట్లనే ఉన్నది. ఒక్కటే నాకు సమజ్ గాలే. ఇటు సగం మెలి ఇటు దిక్కున్నది, అటు సగం అటు దిక్కు. మేడమేమో రెండుసార్ల రిపేరు జేసిండ్రని రాసింది."

స్వర్ణ మళ్ళీ ఆకు చేతికి తీసుకుంది. చుడుతూ నవ్వింది.

"నన్ను ఎన్నేండ్లసంది జూస్తున్నవయ్యా?"

అప్పుడు చూశాడు లింబాద్రి. బీడీ ఆమె ఎడమచేతి వేళ్ళలో తిరుగుతోంది. పెళ్ళయిన కొత్తలో, పడుగు అతకడానికి మగ్గానికి ఇటువైపు తన తల్లి ముత్యవ్వ, అటువైపు స్వర్ణ కూర్చునేవాళ్ళు. "నా కోడలు పుర్రచేతిది, దాని మెలే వేరు" అని ముత్యవ్వ ఇరుగుపొరుగుకు చూపించి మురిసేది.

"ఇద్దరు గూసున్నరు," అంది స్వర్ణ. "చెరో అంచు కెల్లి అతుక్కుంట అచ్చిండ్రు. ఒకామెది పుర్రచెయ్యి. నడుమల కలిసిండ్రు. అత్తమ్మ, నేను గంతే గద. కలిసినంక నడుములు వట్టుకుని లేచేటోల్లం." తర్వాత దారం కొరికి అంది, "నాగేందర్ బిడ్డ ఎదురుసూస్తుంటది. నువ్వు అతికినదానికి నాగేందరెట్ల జవాబిస్తడు? వానికి అతుకుడే రాదు."

అంతే అంది. ఇంకేం అనాల్సిన అవసరమూ లేకపోయింది.

శనివారం పొద్దున బస్సు దిగగానే లింబాద్రి ఖాదర్ దగ్గరికి వెళ్ళాడు.

"ఖాదర్ భాయ్, మేడంకు ఒక మాట జెప్పాలె. నువ్వు ఇంగ్లీషుల జెప్పు. ఒక్క ముక్క తక్వ చెయ్యకు."

విని ఖాదర్ తల పట్టుకున్నాడు. "నీకేమన్నా పిచ్చా? ఉండేది రెండేండ్ల కాంట్రాక్టు, కళ్ళు మూసుకోనుంటే అయిపోతాది..." అని మొదలుపెట్టి, లింబాద్రి మొహం చూసి మధ్యలోనే ఆపేశాడు. "సరే పద. చెప్తా."

బల్ల దగ్గర నౌఫ్ ఉంది. ఇష్తియాక్ కూడా ఉన్నాడు. ఖాదర్ చెబుతుంటే ఇష్తియాక్ మొహం ఎర్రబడుతూ వచ్చింది. నౌఫ్ మాత్రం లింబాద్రి చేతుల వైపే చూస్తోంది.

"ఏది?" అంది. ఖాదర్ తెలుగులోకి మార్చకముందే లింబాద్రికి అర్థమైంది. చేతి తొడుగులు వేసుకుని, ముట్టుకోకుండా, కుడి వైపు నాలుగో కుచ్చులో అడుగునున్న ఒక పోగు చూపించాడు.

ఆమె కెమెరా తిప్పింది. పక్కనున్న తెర మీద పోగులు మోకుల్లా లావుగా కనిపించాయి. అతను చూపించినదీ, దాని పక్కదీ, ఆ పక్కదీ. ఒకే మెలి, ఒకే మడత. ఆమె చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది.

"వీటిలో తేడా లేదు. నీ స్నేహితుణ్ణి కాపాడటానికి చెబుతున్నావా?" అంది. ఖాదర్ అదే మాట తెలుగులో చెప్పాడు.

"బూడిద సూడుమను," అన్నాడు లింబాద్రి. "నా దానికి బూడిద లేదు. అన్నిటికి ఉన్నది. మేము బూడిదద్ది అతుకుతం. ఆ పొద్దు నా దగ్గర బూడిద లేకుండె, ఎంగిలద్దిన." ఆ ఆఖరి మాట చెప్పడానికి సిగ్గుపడ్డాడు. చెప్పాడు.

నౌఫ్ ఇంకా దగ్గరికి తెచ్చింది. పక్క పోగు మడతలో బూడిదరంగు రవ్వలు. దాని పక్కదానిలోనూ రవ్వలు. లింబాద్రి చూపించిన పోగు ఒక్కటీ ఖాళీగా, శుభ్రంగా ఉంది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. బల్ల చివరన ఒక పళ్ళెంలో మెత్తటి కుంచె, చిన్న గాలిగొట్టం సిద్ధంగా ఉన్నాయి. రేపు ఆ రవ్వలను పీల్చేయడానికి పెట్టుకున్నవి. ఆమె వాటి వైపు ఒకసారి చూసింది.

"అయితే ఇది మురికి కాదు."

"గాదు మేడం. పొయ్యిల బూడిద. వాల్లింటి పొయ్యిది."

ఖాదర్ ఆ మాట ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అతని గొంతు కూడా కాస్త తగ్గింది. మూడు వందల డెబ్భై ఏళ్ళ కిందట ఎవరింట్లోనో అన్నం ఉడికిన పొయ్యి అది. దాని బూడిద రెండు సముద్రాలు దాటి వచ్చి అక్కడ ఉంది.

నౌఫ్ సొరుగులోంచి నూలు ఉండ తీసి లింబాద్రి ముందు పెట్టింది. అతను తొడుగులు తీసేసి, ఆమె తెంపి ఇచ్చిన పోగులు అతికి చూపించాడు. ఒకటి, రెండు, అయిదు. ఆమె నెమ్మదిగా చెయ్యమంది. నెమ్మదిగా చేస్తే అతనికి రాలేదు. వేళ్ళకు వేగమే తెలుసు. ఆమె ప్రయత్నిస్తే పోగు ఊడిపోయింది, మళ్ళీ చేస్తే మళ్ళీ ఊడిపోయింది, పైకే నవ్వేసింది. అప్పుడు లింబాద్రి ఎడమ సగం వైపు చూపించి, అది రెండోసారి చేసిన రిపేరు కాదనీ, ఇద్దరు చెరో అంచున కూర్చున్నారనీ, ఇద్దరూ కుడిచేతివాళ్ళయితే మెలి అంతా ఒక్క దిక్కే ఉండాలనీ, ఒకరిది ఎడమచెయ్యి అనీ చెప్పాడు. తన భార్య చెప్పిందని కూడా చెప్పాడు. ఆ గొప్ప తనది కాదు కదా.

నౌఫ్ లేచి వరుస వెంట నడిచింది. కుడి నుంచి మధ్య దాకా, ఎడమ నుంచి మధ్య దాకా. మెలి మారే చోట ఆగింది. అక్కడ వేలు గాలిలోనే ఉంచి, "ఇక్కడ కలిశారు," అంది.

"ఇంతా నస్సాజ్?" అని అడిగింది లింబాద్రిని అరబ్బీలో.

అతను ఖాదర్ వంక చూశాడు. "నువ్వు నేతగాడివా అని అడగతాంది."

ఇరవై రెండేళ్ళలో ఈ దేశంలో ఎవరూ అడగని ప్రశ్న. "నామ్," అన్నాడు. అవును.

ఇష్తియాక్ ఇబ్బందిగా కదిలాడు. వస్తువును మార్చారు, అరువిచ్చినవాళ్ళకు రాయాలి, నియమం నియమమే అన్నాడు. నౌఫ్ కాదనలేదు. రాస్తానంది, ఉన్నదున్నట్టు రాస్తానంది. అతను వేసిన అతుకు ఉండటానికి వీల్లేదని కూడా అంది. అది బాగా లేదని కాదు, అది ఇప్పటిది గనుక. విప్పడానికి సన్నటి పట్టకారు చేతికి తీసుకుని, పోగు దగ్గర ఒక క్షణం ఆగి, పక్కన పెట్టేసింది. కుర్చీ ఖాళీ చేసి లింబాద్రికి చూపించింది.

అతను చేతి తొడుగులు అందుకోబోయాడు. ఆమె వద్దంది. "చేతులు కడుక్కుని రా. ఉత్త చేతులతో చెయ్యి."

లింబాద్రి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. వెయ్యడానికి రెప్పపాటు పట్టిన అతుకు విప్పడానికి పావుగంట పట్టింది. ఎన్నడూ తన అతుకును తాను విప్పుకున్నవాడు కాదు. మడత తీసి, మెలి వెనక్కి తిప్పి, రెండు కొసలనూ విడదీసి, ఫొటోలో ఉన్నట్టే వదిలాడు. వేళ్ళు వద్దు వద్దంటూనే చేశాయి. నౌఫ్ లెక్కపెట్టింది. ఏడు.

నాగేందర్ సోమవారం విమానం ఎక్కాడు. ఫ్రిజ్‌లో చాక్లెట్లు మర్చిపోయి, ఎయిర్‌పోర్ట్ దారిలో గుర్తొచ్చి, లింబాద్రికి ఫోన్ చేసి తిట్టుకున్నాడు. లింబాద్రిని ఇష్తియాక్ హాల్లోకి రానివ్వలేదు. వెనక గోడౌన్‌లో పెట్టెలు చేసే పనికి వేశాడు. ఉద్యోగం మాత్రం పోలేదు. నౌఫ్ రాసిన కాగితం పై వరకూ పోయిందనీ, అందులో ఏముందో తెలియదు గానీ, చదివినవాళ్ళు లింబాద్రిని కదపవద్దన్నారనీ ఖాదర్ చెప్పాడు.

పదిరోజులకు ప్రదర్శన తెరిచారు. పెట్టెలు మోసినవాళ్ళంతా ఒక సాయంత్రం చూడటానికి రావాలని నౌఫ్ కబురు పంపింది. కంపెనీ బస్సే ఏర్పాటు చేసింది. లింబాద్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జనం మధ్య నుంచి, వెండి నాణేలు దాటి, కోనసముద్రం ఉక్కు కత్తి దాటి, అద్దం ముందు నిలబడ్డాడు. లోపల దీపాల వెలుగులో ఎరుపు మెరుస్తోంది. చుట్టూ ఉన్నవాళ్ళు గుర్రాలను చూపించుకుంటున్నారు.

ఖాదర్ పలక చదివాడు. మచిలీపట్నం, బందర్ అబ్బాస్, ముద్రలు అన్నీ ముందులాగే ఉన్నాయి. ఆ తర్వాత కొత్తగా ఉంది.

"ఈ బట్ట పడుగును అతికినవారు ఇద్దరు. చెరో అంచు నుంచి మొదలుపెట్టి మధ్యలో కలిసినారు. వారిలో ఒకరిది ఎడమచేతి వాటం. అతుకుల మీద కనిపించే బూడిద వారి పొయ్యిది. వారి పేర్లు తెలియవు." ఖాదర్ గొంతు సవరించుకున్నాడు. "ఈ సంగతి చెప్పినవారు స్వర్ణ, లింబాద్రి. నేతగాళ్ళు. మెట్‌పల్లి."

లింబాద్రి పలకకు ఇంకా దగ్గరగా జరిగాడు. "ఆఖరుది ఇంకోపారి సదువు," అన్నాడు. ఖాదర్ అరబ్బీలో, ఇంగ్లీషులో, తెలుగులో మూడుసార్లు చదివాడు. ఆ పలక మీద ఆమిల్ అన్న మాట ఎక్కడా లేదు.

ఫొటోలు తీసుకోవచ్చని గోడ మీద బొమ్మ ఉంది. అతను ఇంటికి వీడియో కాల్ కలిపాడు. స్వర్ణ వాకిట్లోనే ఉంది. ఫోన్‌ను అద్దం వైపు తిప్పి, పలక చూపించి, అందులో ఆమె పేరున్న చోట వేలు పెట్టి, ఇది నువ్వే అని చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. గుర్రాలను చూపించాడు, పువ్వులను చూపించాడు. చివరికి ఫోన్‌ను కిందికి వంచి అతుకుల వరుస చూపించాడు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, మధ్యలో ఇద్దరూ కలిసిన చోటు మీదుగా.

స్వర్ణ మొహం తెరకు దగ్గరగా వచ్చింది. కళ్ళు చికిలించింది.

"ఓ అయ్యా, ఆగాగు. గీడ పోగు ఊడిపొయ్యింది. గంత దగ్గరున్నవ్, అతకరాదా?"

లింబాద్రి అద్దం ముందు నిలబడి పగలబడి నవ్వాడు. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. ఫోన్‌లో స్వర్ణ ఎడమచెయ్యి అప్పటికే చేట మీద లేచి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి నులుముతోంది.